రెండు రోజులు అన్నం సయించలేదు

రఘువీర్ గారు పోయారన్న కబురు విశ్వనాథానికి శశికాంత్ ద్వారా తెలిసింది. అదే అతని మొదటి దుఃఖం. మనిషి పోయిన దుఃఖం కాస్త ఆలస్యంగా వచ్చింది.

శశికాంత్ ఉండేది కాలిఫోర్నియాలో, శాన్ రామన్‌లో. అక్కడింకా ఐదు కూడా కాలేదు. అయినా లేచి, అమెరికాలో తెలుగు కథలు రాసేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో "ఒక శకం ముగిసింది" అని రాసి, కింద ఫొటో కూడా పెట్టేశాడు. ఫొటోలో రఘువీర్ గారు శశికాంత్ భుజం మీద చెయ్యి వేసి నవ్వుతున్నారు. అరోరాలో తన వంటింట్లో కాఫీ గ్లాసుతో నిలబడిన విశ్వనాథం ఆ ఫొటోని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. అతను చూసింది పోయినాయన ముఖం కాదు, ఆ చెయ్యి. అది నిజంగా భుజాన్ని ఆనుకుని ఉందా, ఫొటో కోసం ఊరికే పెట్టారా అని.

ఆనుకునే ఉంది. విశ్వనాథానికి కాఫీ చేదైపోయింది.

"రఘువీర్ గారు పోయారట," అన్నాడు భార్యతో.

పెనం మీద దోసె వేస్తున్న ఛాయాదేవి స్టవ్ ఆపేసి కుర్చీలో కూర్చుంది. మోకాళ్ళ నొప్పులా అని అడిగాడు. అవునంది. అతను మళ్ళీ ఫోన్‌లోకి దిగిపోయాడు. అప్పటికే ఆ ఫొటో కింద నలభై ఒక్కమంది దండాలు పెట్టారు. వాళ్ళలో సగం మంది దండం పెట్టింది పోయినాయనకి కాదు, శశికాంత్‌కేనని విశ్వనాథం అనుమానం.

తెలుగులో కథంటూ రాసిన ప్రతివాడికీ రఘువీర్ గారు తెలుసు. విజయవాడ నుంచి నలభై ఏళ్ళు ఒక మాసపత్రిక నడిపారు. సొంతంగా రాసింది తక్కువ, ఇతరుల చేత రాయించింది ఎక్కువ. ఆయన పత్రికలో కథ పడితే ఇక ఆ మనిషి రచయితే, ఎవరూ కాదనడానికి లేదు. ఎనభై ఎనిమిదో ఏట నిద్రలో పోయారు. చావులో కూడా ఎవరినీ ఇబ్బంది పెట్టలేదని అందరూ రాశారు. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు గానీ, ఈయన కళ్ళు బతికుండగా కూడా చారెడే.

ఆ పత్రికలో విశ్వనాథం కథ ఒకటి పడింది, 1992లో. పడిన నెల రోజులకి విజయవాడ నుంచి నీలం రంగు ఏరోగ్రామ్ వచ్చింది. అందులో ఉన్నది ఇంతే: "విశ్వనాథం గారికి, మీ కథ చదివాక రెండు రోజులు అన్నం సయించలేదు. ఇట్లు, రఘువీర్." అంతకుమించి ఒక్క ముక్క లేదు. అంత పెద్దమనిషి అంత పొట్టి ఉత్తరం రాశాడంటే మాట పెగలలేదన్నమాట, అని విశ్వనాథం అర్థం చేసుకున్నాడు. ఆ ఉత్తరానికి లామినేషన్ చేయించి, తన అమెరికా పౌరసత్వం సర్టిఫికెట్ ఉన్న ఫైల్లో దాచుకున్నాడు. ఒకసారి ఇంట్లో ఫైర్ అలారం మోగితే ఆ ఫైలు చంకన పెట్టుకుని బయటికి పరిగెత్తాడు. ఛాయాదేవి తనంతట తనే నడుచుకుంటూ వచ్చింది.

ఆ తర్వాత రెండు సంపుటాలు సొంత ఖర్చుతో వేసుకున్నాడు. హైవేల డిపార్ట్‌మెంట్‌లో ఇంజనీరుగా రిటైరయ్యాడు. కానీ తనెవరని ఎవరైనా అడిగితే అతని మనసులో మొదట మెదిలే జవాబు ఆ నీలం కాగితమే. శశికాంత్‌కి నలుగురిలో ఎంత పేరున్నా, ఎన్ని సభలకి పిలిచినా, పెద్దాయన్ని ఇరవై రోజులు ఇంట్లో పెట్టుకుని సపర్యలు చేసినా, ఆయన నోటి దగ్గర కూడు మాన్పించిన కథ మాత్రం తనది. ఈ ఒక్క సంగతి పట్టుకునే విశ్వనాథం ముప్పై ఏళ్ళుగా శశికాంత్‌ని భరిస్తున్నాడు.

శనివారం పొద్దున పదింటికి జూమ్‌లో సంస్మరణ సభ అన్నారు. నడిపించేది రాగిణి, కమ్మింగ్‌లో ఉంటుంది, నలభై ఏళ్ళ మనిషి, గంట కొట్టి మరీ టైమ్ పాటింపజేస్తుందని పేరు. ఫోన్ చేసి, తలా మూడు నిమిషాలు, చివరి మాట శశికాంత్ సర్‌ది, మీది నాలుగోది విశ్వనాథం అంకుల్ అంది. అతను సర్, తను అంకుల్. విశ్వనాథానికి ఒళ్ళు మండింది. సభలో ఆఖరి వక్తంటే కర్మ చేసే పెద్దకొడుకు లెక్క. మిగతావాళ్ళంతా పలకరింపుకొచ్చిన చుట్టాలు.

అందుకని ఒక మాట వదిలాడు. తన దగ్గర ఇంతవరకూ లోకానికి తెలియని ఒక వస్తువు ఉందనీ, అది చూపిస్తే ఆ తర్వాత ఇంకెవరూ మాట్లాడడానికి ఉండదనీ, కాబట్టి తనని చివర పెట్టడమే సభకి మంచిదనీ అన్నాడు. లోకానికి తెలియదన్నది పచ్చి అబద్ధం. అరోరాలో అతని ఇంటికి భోజనానికొచ్చి ఆ ఉత్తరం చూడకుండా చెయ్యి కడుక్కున్నవాడు లేడు. రాగిణి శశికాంత్‌ని అడిగి చెబుతానంది. పది నిమిషాల్లో మళ్ళీ ఫోన్ చేసి, సర్ వెంటనే ఒప్పుకున్నారు, పెద్దవారు, ఆయనకే ఇవ్వమన్నారు అంది. కొట్లాడి గెలిస్తే ఆనందించేవాడు. ఇలా దానం చేసేసరికి ఆ చివరి స్థానం కూడా సగం శశికాంత్‌దే అయిపోయింది.

మూడు రోజులు ఉపన్యాసం రాసి, మైక్రోవేవ్ టైమర్ పెట్టుకుని భార్యకి చదివి వినిపించాడు. ఛాయాదేవి చిక్కుడుకాయలు ఒలుస్తూ విని, "బాగానే ఉంది గానీ, ఇందులో ఆయనెక్కడున్నారండీ? మొత్తం మీరేగా," అంది.

నీకేం తెలుసులే అన్నట్టు చూశాడు. ఈ విషయంలో ఆమె మీద అతనికి కొంచెం జాలి కూడా ఉంది. హాస్పిటల్ ల్యాబ్‌లో ముప్పై ఏళ్ళు పనిచేసిన ఛాయాదేవి ఒకప్పుడు ఒకే ఒక్క కథ రాసింది. అతని కథ పడిన మరుసటి ఏడాది తనూ రఘువీర్ గారికి పంపింది. అది తిరిగొచ్చింది. తిప్పి పంపారండీ, అని ఒక్క మాట చెప్పి ఊరుకుంది. అందరికీ రాదులే ఛాయా, అని అతను ఓదార్చాడు. ఓదారుస్తున్నప్పుడు లోలోపల హాయిగా అనిపించిన మాట నిజమే గానీ, ఇన్నేళ్ళ కిందటి సంగతి ఇప్పుడెందుకు.

శనివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, కింద మాత్రం పైజామాతో, విశ్వనాథం కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. లామినేషన్ కాగితం ఒళ్ళో ఉంది. తెర మీద తొమ్మిది మంది వక్తలు, ఇంకో అరవై మంది శ్రోతలు. ఛాయాదేవి కెమెరాకి కనబడకుండా పక్కన స్టూలు వేసుకుంది.

మొదట డాలస్ డాక్టరు గోపాల్ గారు మాట్లాడారు. తన తొలి కథ పడినప్పుడు పెద్దాయన స్వహస్తాలతో రాసిన ఉత్తరం చదువుతానని కళ్ళజోడు సవరించుకున్నారు. "మీ కథ చదివాక రెండు రోజులు అన్నం సయించలేదు," అని చదివి, కాగితాన్ని కళ్ళకద్దుకున్నారు.

విశ్వనాథం ఒళ్ళోని కాగితం వంక చూసుకున్నాడు. ఎప్పుడో డాలస్ వెళ్ళినప్పుడు ఈయనకి నా ఉత్తరం చూపించానేమో, అది చూసి కాపీ కొట్టాడేమో అనుకున్నాడు. డాక్టరన్నవాడు ఇంతకి తెగిస్తాడా అని కూడా అనుకున్నాడు. ఇంతలో రెండో వక్త వచ్చింది, న్యూజెర్సీ నుంచి రేణు గారు. ఆమె ఉత్తరాన్ని ఫొటో తీసి తెర మీదే చూపించింది. అదే నీలం రంగు, అదే దస్తూరీ. రెండు రోజులు. అన్నం. సయించలేదు.

మూడో ఆయనకి కూడా సయించలేదు. నాలుగో ఆయన ఉత్తరం తీసి, తెర మీద ముఖాలన్నీ ఒకసారి చూసి, "నాకూ అదే రాశారండి," అని మళ్ళీ మడతపెట్టేశాడు. రాగిణి పెదాలు బిగించుకుంది. శ్రోతల్లో ఎవరో మైక్ ఆపడం మర్చిపోయి కిసుక్కున నవ్వారు. ఈ లెక్కన ఒక్కో కథకి రెండు రోజుల చొప్పున పస్తులున్న మనిషి ఎనభై ఎనిమిదేళ్ళు ఎలా బతికారో ఆ భగవంతుడికే తెలియాలి.

విశ్వనాథం నవ్వలేదు. ముప్పై ఏళ్ళుగా ఒక్కడే కూర్చున్న పీట మీద ఇంతమంది ఇరుక్కుని కూర్చుంటే నవ్వెలా వస్తుంది? అతని ఆశంతా ఇప్పుడు శశికాంత్ మీదే. వాడికి కూడా ఇదే ఉత్తరం వచ్చి ఉంటే, వాడు కూడా అందరి ముందు ఇలా తెల్లముఖం వేస్తే, తన నష్టంలో సగం పూడినట్టే.

మిగతావాళ్ళదీ అయ్యాక శశికాంత్ వంతు వచ్చింది. చేతిలోని నీలం కాగితం పైకెత్తి చూపించి, "ఇది నేనూ తెచ్చుకున్నా. చదవను. మీకు ఆల్రెడీ కంఠతా వచ్చేసింది కదా," అన్నాడు. అందరూ హాయిగా నవ్వారు. ఆ తర్వాత, పెద్దాయన తన ఇంట్లో ఉన్న ఇరవై రోజులూ తిన్న కంచం తనే కడుక్కునేవారనీ, డిష్‌వాషర్ ఉందండీ అంటే దానికి వేరే పని చెప్పమనేవారనీ చెప్పాడు. రెండున్నర నిమిషాల్లో ముగించాడు. చప్పట్లు కొట్టే బొమ్మలు తెర నిండా లేచాయి.

విశ్వనాథం కడుపు మండిపోయింది. ఈ గోతిలోంచి మర్యాదగా బయటపడే దారి ఒక్కటే ఉంది, అది కాస్తా వాడు వాడేసుకున్నాడు. ఇప్పుడు తనూ అదే మాట అంటే శశికాంత్‌ని అనుకరించినట్టు. ఉత్తరం చదివితే వెర్రివాడు.

రాగిణి తన పేరు పిలిచింది. విశ్వనాథం గొంతు సవరించుకుని, రఘువీర్ గారు మహనీయులనీ, ఆయన లేని లోటు తీరనిదనీ, వారి ఆత్మకి శాంతి కలగాలనీ అన్నాడు. నలభై సెకన్లలో మాటలైపోయాయి. మూడు రోజులు రాసిన ఉపన్యాసం అంతా ఆ ఉత్తరం చుట్టూ తిరిగేదే, అది తీసేస్తే మిగిలింది ఇంతే.

"అంకుల్, ఇంకా టూ మినిట్స్ ఉంది. మీరేదో చూపిస్తా అన్నారు కదా," అంది రాగిణి.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు విశ్వనాథం. లామినేషన్ కాగితం మీద కిటికీ వెలుతురు పడి ఒళ్ళో మెరుస్తోంది. అప్పుడు అతని బుర్రకి ఒక ఆలోచన తట్టింది. మంచిది కాదు, కానీ తట్టింది. ఇక్కడ అందరికీ మెప్పు వచ్చింది. మెప్పు రాని మనిషి ఈ గదిలో ఒకరున్నారు. ఆమె మాట్లాడితే, ఆ ఉత్తరం అడ్డమైనవాళ్ళకీ రాయలేదనీ, కొందరికి కథ తిప్పి కూడా కొట్టేవారనీ అందరికీ తెలుస్తుంది. అప్పుడు ఇంతమందిలో ఒకడిగానైనా పరువు దక్కుతుంది. "మా ఆవిడ కూడా ఆయనకి కథ పంపిందండీ. తనో రెండు మాటలు చెబుతుంది," అని కెమెరా అటు తిప్పేశాడు.

ఛాయాదేవి ఒక్క క్షణం మొగుడి వంక చూసింది. తర్వాత చెంగు సర్దుకుని కెమెరా వైపు తిరిగింది.

"నాకు అన్నం ఉత్తరం రాలేదండీ. నా కథ తిప్పి పంపించారు," అంది.

పాపం అన్నట్టు కొందరు తలలాడించారు. రేణు గారు, అయ్యో ఆయన అలా చేసేవారు కాదే, అంది. విశ్వనాథం ఊపిరి కాస్త తేలికపడింది.

"తిప్పి పంపుతూ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. లోపలుంది, తెమ్మంటే తెస్తాను. తేకపోయినా వచ్చు నాకు." ఛాయాదేవి కళ్ళు కిందికి దించి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "అమ్మా, బాగుందని రాసి పంపేస్తే నాకు ఒక్క వాక్యంతో పోతుంది. మీకు అలా రాయబుద్ధి కాలేదు. ఏడో పేజీలో ఆమె ఏడ్చిందని రాశారు. ఆమె ఏడవదు. ఆ సంగతి మీకూ తెలుసు. చదివేవాళ్ళకి నచ్చాలని ఏడిపించారు. ఎందుకు ఏడవదో కనుక్కుని మళ్ళీ రాయండి. ఎన్నేళ్ళయినా ఫర్వాలేదు. నేను ఆగుతాను."

గంట కొట్టే రాగిణి గంట సంగతి మర్చిపోయింది.

"మళ్ళీ రాశారా అండీ?" అని అడిగాడు శశికాంత్. అతని గొంతులో ఇందాకటి హుషారు లేదు.

"రాశాను. ఈ మార్చిలో అయింది. కవర్ మీద అడ్రస్ కూడా రాసి పెట్టాను. ఇంక పంపడమే," అని, అక్కడ ఆగి, కొంగుతో ముక్కు తుడుచుకుని, ఛాయాదేవి కెమెరా ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది.

విశ్వనాథం తెర వంక చూశాడు. ఎనిమిది గళ్ళలో ఎనిమిది ముఖాలు. వాటి మీదున్న చూపు అతనికి కొత్త కాదు. రోజూ గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసేదే. ఇన్నాళ్ళూ శశికాంత్‌ని తను చూసిన చూపుతోనే శశికాంత్ ఇప్పుడు తన ఇంటి ఖాళీ స్టూలుని చూస్తున్నాడు. సభ ముగిసేలోపు శశికాంత్ నుంచి ఒక మెసేజ్ కూడా వచ్చింది: "యు ఆర్ ఎ లక్కీ మ్యాన్, విశ్వనాథం గారూ." వాడి నోట ఎప్పటికైనా ఆ మాట వినాలని ముప్పై ఏళ్ళు కాచుకున్నాడు. తీరా వచ్చింది తన కోసం కాదు.

కుట్టుమిషన్ బల్ల మీద గోధుమరంగు కవరు ఉంది. అది మూడు నెలలుగా అక్కడే ఉందని విశ్వనాథానికి ఇప్పుడు గుర్తొచ్చింది. కరెంటు బిల్లుల కవరనుకున్నాడు. చదవచ్చా అని అడిగాడు. వంటింట్లోంచి ఛాయాదేవి, మీ ఇష్టం అంది.

పద్నాలుగు పేజీలు. హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేసే ఒక తెలుగావిడ. ఒక మధ్యాహ్నం ఆమె చేతికి తమకి తెలిసిన ఒకాయన బ్లడ్ రిపోర్ట్ వస్తుంది. ఆయన ఇంక ఎక్కువ రోజులు బతకడని, ఆయన కంటే ముందు, ఆయన భార్య కంటే ముందు ఆమెకి తెలిసిపోతుంది. చెప్పకూడదు, ఉద్యోగం అలాంటిది. ఆ సాయంత్రం గుడిలో ఆయన భార్య ఎదురై, వచ్చే నెల మా పెళ్ళిరోజు, పులిహోర నువ్వే చేసి తేవాలి అంటుంది. ఎంతమందికి, అని ఈవిడ అడుగుతుంది. డెబ్భై మందికి అంటే, చింతపండు ఎంత నానబెట్టాలో ఇద్దరూ చెప్పుల స్టాండు దగ్గర నిలబడి మాట్లాడుకుంటారు. అంతే కథ. ఆమె ఎక్కడా ఏడవదు. ఏడిస్తే అవతలావిడకి తెలిసిపోతుంది కాబట్టి ఏడవదు.

ఆ పెళ్ళిరోజుకి విశ్వనాథం కూడా వెళ్ళాడు. ఆ పులిహోర తిన్నాడు. ఉప్పు తగ్గిందని కూడా అన్నాడు.

పేజీలు వరస సరిచూసి మళ్ళీ కవర్లో పెట్టేశాడు. తను రెండు సంపుటాల్లో రాసిన నలభై కథల్లో ఇలాంటి పేజీ ఒక్కటి లేదు. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. ముప్పై ఏళ్ళు ఆ చెట్టు కిందే మంచం వేసుకుని పడుకుని, మందు కోసం విజయవాడ వైపు చూశాడు. శశికాంత్ మీద పడ్డ కుళ్ళు ఈ కుళ్ళు ముందు ఏ మూలకి? అది దూరపు మనిషి మీద, ఫోన్ ఆపేస్తే ఆగేది. ఇది ఇంట్లోనే ఉండి, ఏవండీ భోజనానికి రండి అని పిలుస్తోంది.

వెళ్ళి కూర్చున్నాడు. చిక్కుడుకాయ కూర, ముక్కల పులుసు. కలిపిన మొదటి ముద్ద చేతిలో అలాగే ఉండిపోయింది. నోట్లో పెట్టుకున్నాడు గానీ దిగలేదు. మంచినీళ్ళు తాగి రెండో ముద్ద ప్రయత్నించాడు. అదీ అంతే.

"కూర బాగాలేదా?" అంది ఛాయాదేవి.

కూరది కాదు తప్పు. ఉన్న సంగతి చెప్పాలంటే తెలుగులో ఒక్కటే వాక్యం ఉంది. ఆ వాక్యం ఇందాక అంతమంది నోళ్ళలో పడి అరిగిపోయింది. ఒక్కసారి, ఒక్క మనిషి విషయంలో అది అక్షరాలా నిజమైన రోజున, దాన్ని నోట పలికే యోగ్యత లేకుండా పోయింది. విశ్వనాథం కంచంలో వేలితో గీతలు గీశాడు. ఇంకేం మాట ఉందా అని వెతికాడు. ఇంకో మాట లోపల ఉంది గానీ, అది డెబ్భై ఏళ్ళొచ్చినా ఎవరితోనూ పైకి అన్నది కాదు.

"నాకు కుళ్ళుగా ఉందే ఛాయా," అన్నాడు. "శశికాంత్ మీద కాదు. నీ మీద."

ఛాయాదేవి గరిటె కింద పెట్టి, మొగుడి ముఖం కేసి బాగా చూసింది. నిజమే చెబుతున్నాడని నమ్మకం కుదిరేదాకా చూసింది.

"ముప్పై ఏళ్ళలో నా రాతకి మీరిచ్చిన మొదటి మెప్పు ఇది," అంది. తర్వాత లేచి, అతని కంచం పక్కన గ్లాసులో మజ్జిగ పోసి పెట్టింది. అన్నం దిగకపోతే ఇదైనా తాగమంది.